మా చెలకలో జవాన్ల గోరీలు

సిద్దిపేట నుంచి తొగుట పోయే దారిలో మా మెట్ట చెలక పక్కన ఆగి, ఇక్కడ ఐదుగురు జవాన్లను పూడ్చిపెట్టారని చెప్పే పెద్దమనుషులు ఈమధ్య ఎక్కువయ్యారు. ఒకరు చెప్పింది ఇంకొకరు రాస్తారు, రాసింది చదివి మూడోవాడు దండం పెడతాడు. ఎవరు చూశారయ్యా అంటే పక్కవాణ్ణి చూపిస్తారు. నేను బడికి పోయినవాణ్ణి కాదు, పొట్లాల కాగితాలు చదివి అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. కానీ ఆ మట్టి తవ్విన చేతులు నావి.

యూనియన్ సైన్యం నైజాం రాజ్యంలోకి వచ్చిన ఏడు. మా ఊరి దిబ్బ మీద పొద్దంతా తుపాకులు పేలాయి. పిల్లల్ని చంకనేసుకుని ఊరంతా గుట్టల్లోకి పోయింది. ఊళ్ళో మిగిలింది పట్వారి, ఆయన జీతగాళ్ళే. మేం తిరిగొచ్చేసరికి మా చెలక నడుమ ఐదు మట్టికుప్పలు, ఒక్కొక్కదాని తలాపున సున్నం పూసిన రాయి.

"జవాన్లు సచ్చిన్రు. ఈడనే పెట్టిన్రు. ఇగ గిది మిలిట్రీ జాగ, నాగలి కట్టకున్రి," అన్నాడు పట్వారి.

"ఎవలు పెట్టిన్రయ్యా?" అని నేనడిగాను.

"నీకు సెప్పి పెట్టాల్నార?"

మా చెలకను ఆనుకునే పట్వారి మోటబావి ఉంది. అంతకుముందు ఆ చెలక తనకిమ్మని అడిగాడు, మా బాపు ఇయ్యనన్నాడు. నా అనుమానమంతా అక్కడే. బాపు భయం మాత్రం పట్వారికి కాదు, శవాలకు. ఎవరు కన్న బిడ్డలో, పైన నాగలి నడిపితే పాపం తగులుతుందని. తెల్లజొన్న వేయాల్సిన పదును రోజురోజుకూ ఆరిపోతోంది. మాకున్నది ఆ ఒక్క చెలకే. జొన్న పడకపోతే ఏడాదంతా గటక వండుకోవడానికి గింజ ఉండదు.

ఒకనాడు నన్ను కన్న అవ్వ గడ్డికి పోయొచ్చి, నెత్తి మీది మోపు దించకుండానే బాపును అడిగింది.

"ఏమయ్యా, ఆ జవాన్లు ఏ కులపోళ్ళు?"

"ఎవలైతే ఏందే?"

"సాయిబులైతే తల ఉత్తరానికి పెడ్తరు. మనోళ్ళైతే దక్షిణానికి. గా కుప్పలేమో తూర్పు పడమర పండుకున్నయ్."

"కిరస్తానపోళ్ళేమో."

"ఐదుగురికి ఐదుగురా? మంచిగ దొరికిన్రు నీకు!"

బాపు ఆ రాత్రి సరిగా తినలేదు. తెల్లారి తనే గడ్డపార తీశాడు. మొదటి కుప్ప ముందు వంగి నేలను ముట్టుకుని, "బిడ్డా, ఉంటే మాఫ్ చెయ్" అన్నాడు. మోకాటిలోతు తవ్వేసరికి గడ్డపార ఖంగుమంది. ఎన్నడూ కదలని మొరం. దాని కింద ఎవరుంటారు? రెండోది నేను తవ్వాను, అదీ అంతే. మూడోదీ, నాలుగోదీ అంతే. మా చాళ్ళు తూర్పు పడమరలు. చాలు వెంబడి మన్ను గుంజి కుప్ప పోసినవాళ్ళకు దిక్కులు యాదికి రాలేదు.

ఐదో కుప్పలో మన్ను మెత్తగా తెగింది. వాసన వచ్చింది. ఖాకీ గుడ్డ కొస ఒకటి కనబడింది. బాపు గడ్డపార అవతల పడేసి, ఉత్తచేతులతోనే మళ్ళీ కప్పాడు. ఆ జవాను ఏ పక్కవాడో మేం చూడలేదు.

"ఒక్కడున్నడు," అన్నాడు. "ఈ ఒక్కణ్ణి చూపిచ్చి..." అని మిగతా నాలుగు గుంతల దిక్కు చూశాడు.

ఖాళీ గుంతలు పూడ్చకుండానే నాగలి కట్టాం. సంగతి తెలిసి పట్వారి గట్టు దాకా ఉరికొచ్చాడు.

"జవాన్ల మీద నాగలి తోల్తవార? మిలిట్రోళ్ళకు చెప్తే తోలు తీస్తరు!"

"జవాను ఉన్నకాడ తోల్తలేనయ్యా, లేనికాడ తోల్తున్న. గుంతలు తెరిచే ఉన్నయ్, దిగి చూడున్రి," అన్నాడు బాపు.

పట్వారి దిగలేదు. నిజంగా తెలియనివాడైతే ఒక్క గుంతలోకైనా తొంగి చూసేవాడు. "నీ ఇష్టం" అని చెప్పుల మన్ను దులుపుకుని పోయాడు. బాపు ఎడ్లను అదిలించాడు. అవ్వ ఒళ్ళో జొన్నలు పోసుకుని, నాగలి వెనకే గింజ వదులుతూ వచ్చింది. ఆ ఒక్క కుప్ప పక్కకు రాగానే పిడికిలి మూసింది. దాటాక విప్పింది.