బ్యాలెన్సు బటన్ కుడికే ఉంచాను

ఎల్లారెడ్డిలో నాది మోటార్లు చుట్టే పని. వైరు తెగితే మోత ఆగుతుంది, కలిపితే మోగుతుంది. నాకు తెలిసిందల్లా అంతే. ఎవరైనా దయ్యాల మాటెత్తితే మొహం మీదే నవ్వేవాణ్ణి. ఇది చదివి మీరు నవ్వినా నాకేం కోపం లేదు.

ఎనభైల చివర్లో మా అన్న దుబాయిలో పనిచేసేవాడు. మొదటి సెలవుకు వచ్చినప్పుడు రెండు స్పీకర్ల టేప్ రికార్డర్ తెచ్చాడు. అప్పటికి బాపు, మా నాన్న, పోయి ఏడాది దాటింది. అవ్వకు, అంటే మా అమ్మకు, చదువు రాదు కాబట్టి అన్న ఉత్తరాలకు బదులు క్యాసెట్‌లో మాట్లాడి పంపేవాడు. మేం విని, దానిమీదే మా మాటలు నింపి, అటు వెళ్లేవాళ్ల చేతికి ఇచ్చేవాళ్లం.

అవ్వకు ఎడమ చెవి చిన్నప్పుడే పోయింది. అందుకని ఒక స్పీకర్ ఆమె మంచానికి కుడిపక్కన పెట్టి, మాటంతా దాంట్లోంచే వచ్చేలా బ్యాలెన్సు బటన్ పూర్తిగా కుడికి తిప్పి ఉంచేవాణ్ణి. రెండో స్పీకర్ ఊరికే పడి ఉండేది.

ఆ ఎండాకాలం వచ్చిన క్యాసెట్‌లో అన్న మాట్లాడుతూ రెండుసార్లు ఆగాడు. రెండోసారి "ఆఁ, వస్తున్న" అన్నాడు. రూములో ఎవరో పిలిచారనుకున్నాం.

మర్నాడు పొద్దున అవ్వ అంగడికి పోయింది. రెండో స్పీకర్ పనిచేస్తోందో లేదో చూద్దామని అదే క్యాసెట్ పెట్టి బటన్ ఎడమకు తిప్పాను. అన్న గొంతు సన్నగా వచ్చింది. అతను ఆగిన మొదటి చోట బాపు దగ్గాడు. రెండో చోట పిలిచాడు.

"పెద్దోడా, రా, పోదాం."

క్యాసెట్ వెనక్కి తిప్పి మళ్లీ పెట్టాను. కుడికి తిప్పితే అన్న ఒక్కడే. ఎడమకు తిప్పితే బాపు కూడా. వైర్లు అటుదిటు మార్చాను. ఈసారి బాపు గొంతు అవ్వ మంచం పక్కనుంచి వచ్చింది. పాత మాటలు చెరగలేదేమో అనుకుందామంటే, బాపు బతికుండగా మా ఇంట్లో టేపే లేదాయె.

మా దిక్కు చచ్చినవాళ్లు పిలిస్తే పలకొద్దంటారు. అన్న పలికాడు. ఏడుపొచ్చింది నాకు. వైర్లు మళ్లీ ఎప్పటిలా పెట్టేసి, ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి కామారెడ్డి వెళ్లి ఫోన్ చేశాను. మంచిగున్నానన్నాడు అన్న. ఆ రోజు నిన్నెవరు పిలిచారని అడిగితే, తననెవరూ పిలవలేదన్నాడు. తాను "వస్తున్న" అననే లేదన్నాడు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి అవ్వ తనే టేప్‌లో మాట్లాడి, క్యాసెట్‌ను దుబాయి పోయే పక్కింటాయనకు ఇచ్చేసింది. ఎప్పుడూ రికార్డు చేసే ఎర్ర బటన్ నేను నొక్కాల్సిందే. ఏం చెప్పినవే అని అడిగితే, పెద్దోనికి కాదులే అని పొయ్యి దగ్గరికి పోయింది.

పదిహేను రోజులకు అన్న పనిచేసే చోట కూలీలు ఎక్కి నిలబడే పరంజి కూలింది. ఇద్దరు పోయారు. అన్న నీళ్లు తాగడానికి అప్పుడే దిగాడట, గీత కూడా పడలేదు. అదే మధ్యాహ్నం ఇక్కడ అవ్వ మంచం మీద కూర్చున్నది కూర్చున్నట్టే పోయింది.

దినాలకు వచ్చిన అన్న ఆ క్యాసెట్ తెచ్చాడు. అవ్వ ఎవరితో మాట్లాడిందో తనకు సమజైతలేదన్నాడు. పెట్టి విన్నాం.

"పిలగాన్ని పిలువకు. ఆనికింకా పెండ్లి గాలె. నేనే వస్తా."

నేను ఆమెకు చెప్పలేదు. ఎడమ వైపు ఆమె ఎన్నడూ వినలేదు. ఎట్లా తెలిసిందో ఇప్పటికీ నాకు అంతుపట్టదు.

అన్న బటన్ ఎడమకు తిప్పబోతే చెయ్యి పట్టుకున్నాను. ఆమెకు బాపు ఏం జవాబిచ్చాడో వినే ధైర్యం నాకు ఈరోజుకూ లేదు.