గదిలో రెండో మనిషి

కెమెరాల బాబాయ్‌కి ఒక అలవాటుంది. మామూలప్పుడు నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయేమో అన్నట్టుండే మనిషి, ప్యాకింగ్ టేపు చేతిలోకి తీసుకోగానే మాట్లాడటం మొదలుపెడతాడు. గదిలో ఇంకెవరూ ఉండరు. అయినా మాట్లాడతాడు. ఆ అలవాటు ఆయన్ని ఎంత ఇరకాటంలో పెట్టిందో చెప్పాలంటే ముందు ఆయన సంగతి కొంచెం చెప్పాలి.

ఆయనకి యాభై ఎనిమిదేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. వీధిలో చిన్నా పెద్దా అందరూ బాబాయ్ అనే పిలుస్తారు, పిలిచి వాళ్ళ దారిన వాళ్ళు వెళ్ళిపోతారు. ఇస్త్రీ షాపు పైన రెండు గదులు. ముందు గదిలో మంచం, పొయ్యి, నాలుగు గిన్నెలు. వెనక గదిలో కిటికీ కింద పొడుగాటి బల్ల, దాని మీద పొట్టలు విప్పిన పాత కెమెరాలు. ఎక్కడో స్టూడియో మూతపడితేనో, ఎవరో తాతగారి అల్మారా ఖాళీ చేస్తేనో అవి ఆయన దగ్గరికి చేరతాయి. షట్టర్లు బాగుచేసి, లెన్సులకి పట్టిన బూజు వదిలించి, వాడిన సామాను అమ్మే ఒక వెబ్‌సైటులో పెట్టి అమ్ముతాడు. పన్నెండేళ్ళుగా అదే కూడు. సైటులో ఆయన పేరు పక్కన ఆకుపచ్చ టిక్కు ఒకటి ఉంటుంది, ఈయన్ని నమ్మొచ్చు అని కొనేవాళ్ళకి చెప్పడానికి. అది ఊడిందంటే ఈయన సరుకు ఎక్కడో అడుగున పడిపోతుంది, ఎవరి కంటా పడదు. బాగుచేయడం తప్ప ఇంకో పని రాని మనిషికి ఆ టిక్కే దిక్కు.

బాగుచేయడం తమ్ముడిది, ప్యాకింగ్ అక్కది. అక్క ఆయన కంటే ఐదేళ్ళు పెద్ద. ఆవిడా పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగే గుండె వీధిలో ఎవరికీ లేకపోయింది. టెలిఫోన్ ఆఫీసులో ముప్పై ఏళ్ళు ఫిర్యాదుల విభాగంలో కూర్చుని, రిటైరయ్యాక ఆ పెత్తనమంతా తెచ్చి తమ్ముడి వ్యాపారం మీద పెట్టింది. కొన్నవాళ్ళు రేపు అడ్డం తిరిగితే చూపించడానికి, ప్యాకింగుకి వీడియో తీసి తీరాలన్నది ఆవిడ చట్టం.

"ఎందుకక్కా, మనవాళ్ళు అలాంటివాళ్ళు కాదు" అన్నాడొకసారి తమ్ముడు.

"ఏ మనవాళ్ళురా? నీకు మనవాళ్ళంటే నేనొక్కదాన్నే. మిగతావాళ్ళందరికీ వీడియో తియ్యి" అంది ఆవిడ.

మొదటి నుంచి చివరిదాకా ఒకటే వీడియో, మధ్యలో ఆపకూడదు. కెమెరా అడుగు రేకు మీద చెక్కిన నంబరు చదవాలి. షట్టర్ చప్పుడు వినిపించాలి. తర్వాత స్క్రూల మీది చుక్కలు దగ్గరగా చూపించాలి. బిగించిన ప్రతి స్క్రూ తల మీదా గోళ్ళ రంగు చుక్క ఒకటి వేస్తారు, ఎవరైనా విప్పితే ఆ చుక్క పగిలి దొరికిపోతుంది. ఆ గోళ్ళ రంగు అక్కదే, ముదురు ఎరుపు. అరవై దాటినా ఆవిడ గోళ్ళు ఏ రోజూ బోసిగా లేవు. ఆవిడ ఫోను పట్టుకుని నంబరు పైకి చదివేది, ఈయన పెట్టె మూసేవాడు, మధ్యలో ఇద్దరూ పోట్లాడుకునేవాళ్ళు.

పద్నాలుగు నెలల కిందట మూడు రోజుల జ్వరంతో ఆస్పత్రికి వెళ్ళిన అక్క తిరిగి రాలేదు. అప్పటి నుంచి ఫోనుని పుస్తకాల దొంతికి ఆనించి బాబాయ్ ఒక్కడే వీడియో తీసుకుంటున్నాడు. "అక్కా, ఆ చివర పట్టుకో" అంటాడు, తనే పట్టుకుంటాడు. "కత్తెర ఎక్కడ పెట్టావు?" అంటాడు, తనే వెతుక్కుంటాడు. నవ్వేవాళ్ళు నవ్వుకోండి. ఆవిడ లేదని ఆయనకి మీకంటే బాగా తెలుసు. రోజు మొత్తంలో ఆయన గొంతుకి పనిపడేది ఆ ఏడెనిమిది నిమిషాలే.

అలాంటి రోజుల్లో తగిలాడు ఒక కొనుగోలుదారు. "అన్నగారూ, మీ పేరు చాలా విన్నాను" అంటూ తేనె పూసి మెసేజ్ పెట్టాడు. అడిగింది ఆ నెలలో బాబాయ్ బాగుచేసిన వాటన్నిట్లోకీ మేలైన కెమెరా. లెన్సు ఎలా ఉందని అడగలేదు, షట్టర్ ఎన్నాళ్ళ కిందట బాగుచేశారని అడగలేదు. అడుగు రేకు ఫొటో అడిగాడు. పంపితే, ఇంకా దగ్గరగా తీసి పంపమన్నాడు. పెళ్ళిచూపులకొచ్చి పిల్లని వదిలేసి చెప్పులు చూసినట్టుందే అని బాబాయ్‌కి అనిపించింది. అనిపించింది చెప్పుకోవడానికి పక్కన మనిషి ఉంటే అది అనుమానంగా గట్టిపడేది. లేదు కాబట్టి అక్కడే ఆగిపోయింది, కెమెరా వెళ్ళిపోయింది.

నాలుగో రోజు పొద్దున్నే సైటు నుంచి ఉత్తరం వచ్చింది. పనికిరాని కెమెరా అంటగట్టారని ఫిర్యాదు. విచారణ తేలేదాకా అమ్మకాలు బంద్, తప్పు రుజువైతే టిక్కు శాశ్వతంగా తీసేస్తామని కింద రాసి ఉంది. కొన్నవాడి మెసేజుల్లో నిన్నటి అన్నగారు ఒక్క పూటలో "నువ్వొక దొంగవి" అయ్యాడు. బాబాయ్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. ఏదో ఘాటుగా టైపు చేసి, చెరిపేసి, "దయచేసి వస్తువు తిరిగి పంపండి" అని మాత్రం పెట్టాడు. తిట్టిన ప్రతి ముక్కా మన మీదికే తిరిగొస్తుందని అక్క చెప్పేది.

పెట్టె తిరిగొచ్చింది. దాన్ని విప్పడం కూడా వీడియో తీశాడు. లోపల చచ్చిపోయిన కెమెరా ఒకటి ఉంది, షట్టర్ తెర నలిగి ముద్దయిపోయింది. తిరగేసి చూస్తే అడుగున ఆయన అమ్మిన నంబరే. ఒక్క క్షణం ఆయనకే తన మీద అనుమానం వచ్చింది. కళ్ళజోడు పైకి తోసి భూతద్దం పెట్టి చూశాడు. అడుగు రేకు తనదే. దాన్ని పట్టి ఉంచిన మూడు స్క్రూల మీదా చుక్కల్లేవు, తలలన్నీ గీతలే. మంచి కెమెరా రేకు ఊడదీసి, పనికిరాని దానికి బిగించి పంపాడు మహానుభావుడు. ఫొటో రెండుసార్లు ఎందుకడిగాడో అప్పుడు అర్థమైంది.

"రుజువు ఉంది కదా, ఇక వాడి పప్పులుడకవు" అన్నాడు కింద ఇస్త్రీ షాపాయన, సంగతి విని.

"వీడియో ఉంది. పంపాలి" అన్నాడు బాబాయ్, నసుగుతూ.

"పంపడానికేం బాబాయ్?"

"అందులో మాటలున్నాయి."

"బూతులా?"

"కాదు. ఊరికే మాటలు."

"మాటలైతే ఏముంది, గొంతు తీసేసి పంపెయ్యి" అని షాపాయన ఇస్త్రీ పెట్టెలో బొగ్గులు సర్దుకున్నాడు.

బాబాయ్ పైకొచ్చి వీడియో పెట్టుకుని చూశాడు. చుక్కలు చూపించిన చోట, ఐదో నిమిషంలో, తన గొంతు వినబడింది. "అక్కా, నీ రంగు సీసా అడుక్కొచ్చింది. కొత్తది కొంటే ఈ ఎరుపు దొరుకుతుందో లేదో. నువ్వే చెప్పాలి. నాకు రంగులు తెలియవు కదా." తర్వాత వీడియోలో తను జవాబు వినేవాడిలా తల ఒక పక్కకి వంచి కూర్చున్నాడు. బయటి నుంచి చూసుకుంటే ఆయనకే సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది. తన దగ్గరున్న ఒకే ఒక్క సాక్ష్యంలో తను బట్టల్లేకుండా నిలబడ్డట్టుంది. గొంతు తీసేసి పంపాడు. మార్చిన వీడియోలు చెల్లవు, శబ్దంతో సహా అసలుది పంపండి అని గంటలో జవాబొచ్చింది. రెండు రోజులు ఊగిసలాడి, మూడో రోజు కళ్ళు మూసుకుని అసలుదే పంపాడు.

మర్నాడు మధ్యాహ్నం సైటు ఆఫీసు నుంచి ఒక అమ్మాయి ఫోను చేసింది. గొంతు నెమ్మదిగా, మర్యాదగా ఉంది.

"సార్, మీ వీడియో బాగుంది. చుక్కలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. కాకపోతే చిన్న ఇబ్బంది. రూలు ప్రకారం వీడియో కొన్నాయనకి కూడా చూపించాం. గదిలో ఇంకొకరున్నారు, మీరు వాళ్ళతో మాట్లాడుతున్నారు, వీడియోలో కనపడకుండా ఆవిడే పెట్టె మార్చేసింది అంటున్నారాయన."

"ఇంకొకరా?" అన్నాడు బాబాయ్.

"కంగారుపడకండి సార్, పెద్ద విషయం కాదు. ఆవిడ మీ అక్కగారే కదా? 'నేనక్కడే ఉన్నాను, పెట్టె మార్చలేదు' అని ఒక్క లైను రాయించి సంతకం పెట్టించండి. కేసు మీవైపే ఉంది. ఆవిడ ఇంట్లో ఉన్నారా?"

"లేదమ్మా" అన్నాడు బాబాయ్. అక్కడితో ఆగితే సరిపోయేది. "బయటికెళ్ళింది" అని వచ్చేసింది నోట్లోంచి.

"ఎప్పుడొస్తారు సార్?"

"సాయంత్రానికి వచ్చేస్తుంది."

"అయితే ఒక ఫారం పంపుతాను, నింపి ఆ కాగితంతో పాటు రేపు సాయంత్రంలోగా పంపండి. అక్కగారికి నా నమస్కారాలు చెప్పండి" అని ఆ అమ్మాయి పెట్టేసింది.

సిగ్గుపడాల్సిన మనిషి సిగ్గుపడలేదు. చాలాసేపు హాయిగా కూర్చున్నాడు. పద్నాలుగు నెలల్లో మొదటిసారి ఒకరు అక్క ఎప్పుడొస్తుందని అడిగారు. సాయంత్రానికి వస్తుందని తను చెప్పాడు. చెప్పినంతసేపు ఆవిడ నిజంగా ఏ గుండీలనో దారాన్నో కొనుక్కురావడానికి వీధి చివరిదాకా వెళ్ళినట్టే ఉంది. అయిదు గంటలకి మెట్ల మీద ఎవరిదో అడుగు చప్పుడైతే గభాలున తలెత్తాడు. ఇస్త్రీ బట్టలివ్వడానికి వచ్చిన షాపాయన అది.

మర్నాడు పొద్దున కాగితం తీశాడు. అక్క సంతకం ఆయనకి కొట్టినపిండి. బ్యాంకు కాగితాల మీద, కరెంటు ఆఫీసు అర్జీల మీద నలభై ఏళ్ళు చూసిన సంతకం. మొదటి అక్షరం పెద్దది, చివర తోకకింద రెండు చుక్కలు. "నేనక్కడే ఉన్నాను" అని రాసి, కింద ఆవిడ సంతకం పెట్టాడు. అచ్చు గుద్దినట్టు వచ్చింది. ఆవిడే వచ్చి చూసినా తనదే అనుకుంటుంది.

ఎంత బాగా వచ్చిందో అంత భయమేసింది. వాడు అడుగు రేకు ఊడదీసి ఇంకోదానికి బిగించాడు. తను చేసిందేమిటి? ఫిర్యాదుల విభాగంలో ముప్పై ఏళ్ళు దొంగ కాగితాలు ఏరిపారేసిన మనిషి పేరు మీద దొంగ కాగితం పుట్టించాడు. అక్క ఉంటే ఒంటికాలి మీద లేచేది. తిట్టడానికి కూడా లేదే అని ఏడుపొచ్చింది, ఏడ్చాడు. ఆస్పత్రి దగ్గర ఏడవలేదు, ఆ తర్వాత ఏ రోజూ ఏడవలేదు. ఇప్పుడు ఎవడో కేటుగాడు పెట్టిన ఫిర్యాదు పుణ్యమా అని ముక్కు చీదుకుంటూ ఏడ్చాడు. తర్వాత కాగితం చింపేసి ఫోను తీశాడు.

"అమ్మా, నిన్న నీతో అబద్ధమాడాను. మా అక్క బయటికెళ్ళలేదు. పోయింది. పద్నాలుగు నెలలైంది."



"మరి వీడియోలో సార్..."

"నేనొక్కణ్ణే ఉన్నాను. ఊరికే మాట్లాడతాను. అలవాటు."

"సారీ సార్" అంది అమ్మాయి. ఇంకేదో అనబోయి, మళ్ళీ ఆఫీసు గొంతు తెచ్చుకుంది. "అయితే నేను పంపిన ఫారంలో అదే రాయాలి. ఆవిడ మరణ ధ్రువపత్రం కూడా జత చేయాలి సార్, తప్పదు."

ఫారం తెరిచాడు. "ప్యాకింగ్ సమయంలో గదిలో ఉన్న వ్యక్తుల సంఖ్య" అని గడి ఉంది. పొద్దున ఆ దొంగ కాగితంతో పాటు పంపుదామని నింపిన 'రెండు' అలాగే ఉంది. దాన్ని చెరిపి ఒకటి అని కొట్టడానికి ఆయనకి ఎంత సేపు పట్టిందో, కెమెరా షట్టర్ మొత్తం విప్పి బిగించడానికి అంత సేపు పట్టి ఉండదు. కింద వివరణ రాయమన్న చోట, "గదిలో నేను తప్ప ఎవరూ లేరు" అని రాసి పంపించాడు.

మూడు రోజుల్లో తీర్పొచ్చింది. కొన్నవాడి ఖాతా మూసేశారు, నష్టం కంపెనీ భరించింది, టిక్కు తిరిగొచ్చింది. ఇస్త్రీ షాపాయన వీధంతా చాటాడు. "చూశావా, నిజం నీవైపుంది" అని భుజం తట్టాడు. ఉత్తరం చివర ఒక సూచన కూడా ఉంది. ఇకమీదట ప్యాకింగ్ వీడియోలో ఎవరినీ ఉద్దేశించి మాట్లాడవద్దు, సందేహాలకు తావివ్వవద్దు. ఆ అమ్మాయే రాసి ఉంటుంది, మంచికే రాసి ఉంటుంది.

సోమవారం ఒక చిన్న మడత కెమెరా అమ్ముడుపోయింది. బాబాయ్ ఫోను ఆనించి వీడియో మొదలుపెట్టాడు. నంబరు చదివాడు. షట్టర్ నొక్కి చప్పుడు వినిపించాడు. చుక్కలు చూపించాడు. టేపు చివర జారినప్పుడు పెదవి కదిలింది గానీ పంటితో నొక్కిపెట్టాడు. మునుపు ఎనిమిది నిమిషాలు పట్టే పని నాలుగు నిమిషాల్లో అయిపోయింది. చెప్పాలనుకున్నవన్నీ వీడియో ఆపాక తీరిగ్గా చెబుదామనుకున్నాడు. ఆపాడు. పెట్టె ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు గానీ, ఏ మాటతో మొదలుపెట్టాలో ఆయనకి తోచలేదు.