మేడంతో మాట్లాడిన పెద్దామె

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. అయిదో తరగతిలో బడి మానేసిన వాణ్ని, సైన్సు చదివి తెచ్చుకున్న ధైర్యం కాదిది. కమలాపురం దగ్గర మా ఊళ్లో బండల పాలీషు మిషను మీద పని చేస్తాను. ఆ మోతలో దయ్యం వచ్చి చెవి పక్కన అరిచినా నాకు వినపడదు. అయినా ఇది జరిగింది.

మా తమ్ముడు ఓబులేసు రెండు హత్యల కేసులో జైల్లో ఉన్నాడు. చేయలేదని నేను అనను, చేశాడు. కింది కోర్టు ఉరిశిక్ష వేసింది. దాన్ని ఖాయం చేసేముందు, అసలు ఈ మనిషి ఎట్లా పెరిగాడో కనుక్కుని రమ్మంది పై కోర్టు. అలా కర్నూలు నుంచి ఒక మేడం వచ్చింది. ఆ పనిని మిటిగేషన్ అంటారట. హత్య గురించి ఒక్క ముక్క అడగరు. పుట్టుక, జబ్బులు, దెబ్బలు, ఆకలి, ఇవే అడుగుతారు. శిక్ష తగ్గించడానికి అందులో ఏదైనా దొరుకుతుందేమోనని.

ఉన్నమాట చెప్తున్నా, నాకు కడుపు మండింది. చిన్నప్పుడు గుడ్డు వాడికి, పెంకు నాకు. వాణ్ని ఒళ్లో పెట్టుకుని నన్ను రాయచోటి దగ్గర మా మామ మేకలు కాయడానికి పంపింది మా అమ్మ. ఉరికంబం దాకా పోయినా మర్యాద మళ్లీ వాడికే. వాడికి ఏ కూర ఇష్టమో తెలుసుకోవడానికి చదువుకున్న మనిషి బస్సెక్కి వచ్చింది. నాకేది ఇష్టమో నా పెండ్లానికే తెలియదు.

"ఇంత మర్యాద చేస్తారని తెలిసుంటే నేనూ ఏదో ఒగ కేసులో పడుందును గదా మేడం," అన్నాను. ఆమె నవ్వలేదు.

వాళ్ల పనికి ఒక పద్ధతి ఉంది. ఒక్కొక్కరితో విడిగా మాట్లాడాలి. పక్కన ఇంకొకరుంటే మనిషి నిజం మింగేస్తాడట. నాతో అయ్యాక, ఇంట్లో ఆడవాళ్లతో మాట్లాడతానంది. నా పెండ్లాం లోపల ఉందనుకుని మేడంను పంపించి, నేను వాకిట్లో బండ మీద కూర్చున్నాను. మిట్టమధ్యాహ్నం. చాలాసేపటికి మేడం కళ్లు తుడుచుకుంటూ బయటికొచ్చింది. ఏమీ చెప్పకుండా వెళ్లిపోయింది. ఆ వారం నాకూ నా పెండ్లానికీ మాటల్లేవు. అందుకని నేనూ అడగలేదు.

కొన్నాళ్లకు వకీలు ఫోను చేశాడు. మేడం పట్టుబట్టి తమ్ముడి తలకు స్కానింగు తీయించిందని, పుర్రెకు చిన్ననాటి పగులు కనిపించిందని చెప్పాడు. నాకు అర్థం కాలేదు. వాడికి అలాంటి దెబ్బ తగిలిన సంగతి నేనెప్పుడూ వినలేదు.

మేడం మళ్లీ వచ్చింది. "మీ పెద్దమ్మగారు చెప్పింది రాసుకున్నాను, దాని మీద ఆమె వేలిముద్ర కావాలి అన్నా," అంది.

"పెద్దమ్మ యాడిది మేడం? ఈ ఇంట్లో ఉండేది నేనూ నా పెండ్లామూ."

"ఆ రోజు లోపల గోడకు ఆనుకుని కూర్చున్నారు కదా. తలకు దెబ్బ సంగతి ఆమే చెప్పారు."

తలుపు దగ్గర నుంచి నా పెండ్లాం అందుకుంది. "ఆ పొద్దు ఇంట్లో ఎవురుండారు? నేను పెరటి తలుపు తీసుకోని మిరప చేనికి పోయింటి గదా!"

మేడం తాను రాసుకున్న కాగితాలు తీసి చదివింది. ఆ పెద్దామె చెప్పింది ఇదీ: నాయనకు సంగటి తీసుకుపొమ్మని పసివాణ్ని బండల గనికి పంపితే, వాడు గుంతలో తలకిందులుగా పడ్డాడు. పంపింది తానే కాబట్టి, జ్వరమని నాయనకు అబద్ధం చెప్పి దాచింది. అప్పటి నుంచే వాడికి తలనొప్పి, పట్టలేని కోపం. అప్పుడు నేను మేకల దగ్గర ఉన్నాను.

ఆమె ఎలా ఉందని అడిగాను. ఎడమ చెవి తమ్మె రెండుగా తెగి ఉందన్నది మేడం.

తమ్ముడు పాలు తాగుతూ కమ్మ లాగితే తెగిన చెవి అది. అమ్మ దాన్ని కుట్టించుకోకుండా నగలాగా అందరికీ చూపించుకునేది. కేసు తీర్పు రాకముందే ఆమె చనిపోయింది. ఉన్న ఒక్క ఆధార్ ఫోటోలో ఆ చెవి కొంగు చాటున ఉంది, మేడం అది చూసి చెప్పే వీల్లేదు. పెరటి గుండా ఊరి ముసలామె ఎవరైనా వచ్చిందేమోనని ఇల్లిల్లూ అడిగాను. అలాంటి చెవి ఇంకెవరికీ లేదు.

పెద్దామె మాట మేడం కాగితాల్లో పెట్టలేకపోయింది. స్కానింగు పెట్టింది. డాక్టర్లు చెప్పింది విని పై కోర్టు ఉరిశిక్ష రద్దు చేసి యావజ్జీవం వేసింది. తమ్ముడు బతికాడని తెలిసి నేనూ ఏడ్చాను.

"మా అమ్మ నా గురించి ఏమన్నా చెప్పిందా మేడం?" అని ఆ చెవి సంగతి చెప్పిన రోజే అడిగాను. చాలాసేపు గుర్తు చేసుకుని, "లేదన్నా," అంది.

అమ్మ ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. అంత దూరం నుంచి వచ్చిన మనిషి, వాకిట్లో కూర్చున్న పెద్దకొడుకును ఒక్కసారి తొంగి కూడా చూడకుండా ఎలా పోగలిగిందో, అది అసలే అంతుపట్టదు.