మా ఇంట్లో శాంతి చర్చలు

ఆ రోజుల్లో లోకంలో తీరని తగాదా అంటూ ఉండదని నాకు గట్టి నమ్మకం. హైదరాబాదులో శాంతి, సంఘర్షణల అధ్యయనంలో ఎం.ఏ. ముగించి, పరిశోధనకు సీటు తెచ్చుకుని ఆదోనికి వచ్చిన వేసవి అది. (నేనేం చదివానో అడిగినవాళ్లకు మా నాయన "కొట్లాటల సదువు" అని చెప్పేవాడు. నాకు పోలీసు ఉద్యోగం వస్తుందని వీధిలో సగం మంది అనుకున్నారు.) దేశదేశాల యుద్ధాలు చదివొచ్చిన నాకు మా ఇంటి యుద్ధం ఎదురుగానే ఉంది. ఎమ్మిగనూరులో సిన్నాయన కొత్తిల్లు కట్టుకుంటే, గృహప్రవేశానికి పోయిన నాయన నలుగురిలో నిలబడి, "మెట్లేందిరా, కోళ్లగూటికి ఏసినట్టు ఏసినావు?" అన్నాడు. అంతే, అన్నదమ్ములకు మాటల్లేవు. ఇప్పుడేమో చెల్లెలి పెళ్లి దగ్గరపడింది. సిన్నాయన దగ్గరుండే మా అవ్వ, "నా కొడుకులిద్దరూ మాట్లాడుకుంటేనే పెండ్లికొస్తా" అని మొండికేసింది. "మీరంతా ఊరుకోండి, నేను చూసుకుంటా" అన్నాను.

నాయనను బస్సెక్కించి ఎమ్మిగనూరు తీసుకుపోయి, ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి నియమాలు చెప్పాను. వంటింట్లోంచి నేను తెచ్చిన గంటె ఎవరి చేతిలో ఉంటే వాళ్లే మాట్లాడాలి. జవాబిచ్చే ముందు, విన్న మాటను విన్నట్టే తిరిగి చెప్పాలి. (మొదటి నియమం ఎక్కువసేపు నిలవలేదు. పప్పు అడుగంటుతాందని అవ్వ వచ్చి గంటె పట్టుకుపోయింది.) నాయన గొంతు సవరించుకుని, "నేను మంచికే సెప్పినా. అమ్మ ఆ మెట్లెట్ల ఎక్కుతాది? పడితే ఏంగాను?" అన్నాడు.

"సిన్నాయనా, ఇప్పుడు నాయన ఏమన్నాడో నువ్వు చెప్పు."

సిన్నాయన గడ్డం పైకెత్తి, కళ్లు చికిలించి, అచ్చం నాయన గొంతుతోనే ఆ మాటలన్నీ అప్పజెప్పాడు. ఎగతాళికి మందు నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. నాయన ముఖం ఎర్రబడింది, లేవబోయాడు. అంతలో అవ్వ వంటింట్లోంచి ఆదరాబాదరాగా వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఎవురప్పా మాట్లాడింది? మీ నాయన గొంతు ఇన్నట్టాయెనే!"

మా తాత పోయి అప్పటికి చాలా ఏళ్లు. ఇద్దరూ తలలు దించుకున్నారు. సిన్నాయనే ముందు నోరు విప్పాడు. "నీది అచ్చం నాయన గొంతేనన్నా. నాయన ఉండింటే ఇల్లు సూసి మురిసిపోతాండె అనుకుంటి. ఆ గొంతుతోనే నువ్వు అంత మాటంటివి."

నాయన లేచి మెట్ల దగ్గరికి పోయి గోడ తడిమి, "ఈడొక ఇనుప కమ్మీ ఏయిద్దాం రా. అమ్మ పట్టుకోని ఎక్కుతాది" అన్నాడు. ఇద్దరూ జానలతో కొలతలు వేయడంలో మునిగిపోయారు. "చర్చ ఇంకా ముగియలేదు" అని నేనంటే, ఒకేసారి వెనక్కి తిరిగి, "నువ్వు సుమ్మనుండమ్మా!" అని కసిరారు.

పెళ్లిలో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. సాంబారులో ఉప్పు గురించి వాదించుకున్నారు కూడా, కానీ మాట్లాడుకుంటూనే.

ఇప్పుడు నేను విశ్వవిద్యాలయంలో, విన్న మాటను విన్నట్టే తిరిగి చెప్పించే ఆ పాఠమే చెబుతున్నాను. "మేడమ్, ఇది నిజంగా పనిచేస్తుందా?" అని మొన్న ఒకమ్మాయి అడిగింది. చేస్తుందన్నాను. ఎందుకు చేస్తుందో మాత్రం, ఆ వేసవిలో ఎమ్మిగనూరులో బస్సు దిగిన పిల్లకు తెలిసినంత బాగా నాకిప్పుడు తెలియదు.