పాప కోసం మార్చిన పిస్టల్

బాబా తన పిస్టల్‌ని చిన్న తూటాలకి మార్పించి తెచ్చిన రోజు ఇంట్లో అందరూ సంబరపడ్డారు, పాపా నేనూ తప్ప.

బాబా అంటే నేను పనిచేసే ఇంటి యజమాని. ఇక్కడ హఫర్ అల్ బాతిన్‌లో ఇంటిపనికి వచ్చినవాళ్లం యజమానిని బాబా అనీ, ఆయన భార్యని మామా అనీ పిలుస్తాం. బాబా వాళ్లమ్మ కూడా మాతోనే ఉంటుంది. ఆవిడ పెద్ద మామా. పాప వాళ్లకి ఒక్కతే కూతురు, మూడో తరగతి. నేను వచ్చేనాటికి ఇంకా పాలసీసా వదల్లేదు. ఇప్పటికీ జడ వెయ్యాలన్నా, పళ్లు తోమించాలన్నా నేనే కావాలి.

చలికాలంలో నాలుగు చినుకులు పడగానే వీళ్లంతా ఎడారిలోకి వెళ్లి పొద్దుపోయేదాకా అక్కడే వండుకుని తింటారు. దాన్ని కష్తా అంటారు. పోయినేడు వెళ్లినప్పుడు పాప పెదనాన్నల కొడుకులు ఖాళీ కూల్‌డ్రింక్ డబ్బాలు వరసగా పెట్టి, పెద్దవాళ్లు పక్కన నిలబడి చూపిస్తుంటే కాల్చారు. పాప దూరంగా నా పక్కన కూర్చుంది. "నువ్వు వెళ్లి టీ పొయ్యి, పో," అని వాళ్లలో ఒకడు ఎగతాళి చేశాడు. పాపకి అదేమీ పట్టలేదు. పట్టింది బాబాకి.

అందుకే ఈ ఏడు లైసెన్సులో రాయించుకుని మరీ ఆ మార్పు చేయించాడు. అదెలా అవుతుందో నాకు అర్థం కాక మా డ్రైవరన్నని అడిగాను. కడప మనిషి, నాకు అన్నలాంటివాడు. నాది పాలకొల్లు వైపు. మా ఇద్దరి తెలుగూ వింటే రెండు భాషలనుకుంటారు.

"అదే పిస్టోలు మ్మే. లోపల గొట్టమూ, పైనుండే ముక్కా మార్చినారు, అంతే. ఇంగ పెద్ద తూటా పట్టదు, చిన్నదే. బిడ్డ చేతికి గుద్దు తగలకుండా."

"మరి పిడిలోకి తోస్తారు చూడు, తూటాల డబ్బా?"

"మ్యాగజైనా? అదీ వేరేనే. సూసేకి రెండూ ఒక తీరే, లోపల తేడా."

"మా కుక్కర్ రబ్బరు లాగన్నమాట. చూడ్డానికి సరిపోయినట్టే ఉంటది, పెడితే ఆవిరంతా బయటికే."

"నీకు పిస్టోలు సూపించినా కుక్కరే కనపడ్తాదే!" అని నవ్వాడు.

నేను మాత్రం నవ్వలేకపోయాను. ఎందుకంటే ముందురోజే, తల దువ్వుతుంటే పాప నాతో చెప్పింది, "నాకు ఆ చప్పుడంటే భయం," అని. నాకు తెలియనిదా! మిక్సీ వేస్తేనే చెవులు మూసుకునే పిల్ల. పుట్టినరోజుకి బెలూన్లు వద్దని ఏడ్చే పిల్ల.

"మరి బాబాతో చెప్పొచ్చుగా?" అన్నాను నాకొచ్చిన అరబ్బీలో.

"నాకోసమే చేయించాడు కదా. బాధపడతాడు. నువ్వూ చెప్పకు."

ఇంకేం చెప్తాను! ఆ వారమంతా పిల్ల సరిగ్గా తినలేదు. రెండుసార్లు పక్క తడిపింది. మామా చూడకముందే దుప్పట్లు ఉతికేశాను. బాబా చూస్తే ఆనందంగా ఉన్నాడు. మజ్లిస్‌లో చుట్టాల్ని కూర్చోబెట్టి, పెట్టె తెరిచి, పాత సామానూ కొత్త సామానూ పక్కపక్కన పెట్టి చూపించేవాడు. మజ్లిస్ అంటే మగవాళ్లు కూర్చునే గది. "నా కూతురు కాలుస్తుంది చూడండి," అనే ఆయన మాట గహ్వా గిన్నెలు, అంటే వాళ్ల కాఫీ గిన్నెలు, తీసుకెళ్లినప్పుడల్లా నాకు వినపడేది.

శుక్రవారం నమాజు అయ్యాక బయల్దేరాం. వంట సామాను నేను సర్దాను, గుడారం డ్రైవరన్న సర్దాడు. పిస్టల్ పెట్టె బాబాది. దాన్ని ఇంకెవరూ ముట్టుకోకూడదు, తాళంచెవి కూడా ఆయన జేబులోనే. దారంతా పాప నా చెయ్యి వదల్లేదు. ఆ వేళ్లు ఫ్రిజ్‌లోంచి తీసినట్టున్నాయి.

ఎడారిలో పెదనాన్నలు అప్పటికే వచ్చేశారు. నేను పొయ్యి వెలిగించి కబ్సాకి, అంటే వాళ్ల మాంసం పులావుకి, ఉల్లిపాయలు వేయిస్తుంటే డబ్బాలు వరసగా పెట్టడం మొదలైంది. బాబా పెట్టె తెరిచాడు.

తూటాల అట్టపెట్టె విప్పి, మ్యాగజైన్ తీసి, ఒక తూటా పెట్టాడు. అది నిలవలేదు. ఇంకోటి పెట్టాడు. అదీ పక్కకి ఒరిగి లోపలికి జారిపోయింది. మ్యాగజైన్ తిప్పి ఊపితే గలగలమంది.

పెద్ద పెదనాన్న చేతిలోకి తీసుకుని చూసి పడీపడీ నవ్వాడు. "ఇది పాతది కదయ్యా! చిన్న మ్యాగజైన్‌ని ఇంట్లో పడుకోబెట్టి వచ్చావా?"

బాబా మొహం కందిపోయింది. "పెట్టె ఎవరు తీశారు?" అని ఇటు చూశాడు. నేను గరిటె పట్టుకుని బిగుసుకుపోయాను.

"ఎవరు తీస్తారు? తాళంచెవి నీ జేబులోనే ఉందిగా," అంది మామా. "నిన్న మజ్లిస్‌లో అందరికీ చూపించి, పెట్టాల్సింది వదిలేసి ఇది పెట్టుంటావు."

"మ్యాగజైన్ లేకపోతే ఏం? ఒక్కొక్కటీ చేత్తో పెట్టి ఇవ్వు," అన్నాడు రెండో పెదనాన్న.

అయ్యబాబోయ్, అయిపోయింది అనుకున్నాను. కానీ బాబా ఒప్పుకోలేదు. "పసిపిల్ల చేతికిచ్చేది. ఉండాల్సినట్టు ఉంటేనే ఇస్తాను. మీరు తింటూ ఉండండి, ఇంటికి వెళ్లి తెస్తాను," అని కారు వైపు నడిచాడు. వెళ్లి వచ్చేసరికి ఇంకా వెలుతురుంటుంది. పాప ఊపిరి పీల్చుకున్నది ఎంతసేపని!

పాప నా పక్కనుంచి లేచింది. నేను తోయలేదు, ఒట్టు. పరిగెత్తి వెళ్లి కారు తలుపు పట్టుకుంది.

"బాబా, వెళ్లొద్దు. నాకు కాల్చాలని లేదు."

బాబా వంగి, "ఏమన్నావు?" అన్నాడు.

"నాకు భయం. చప్పుడంటే భయం. నువ్వు నాకోసం చేయించావని చెప్పలేదు." అంటూనే ఏడుపు.

కబ్సా మాడుతున్నా నాకు తెలియలేదు. ఆయన ఏమంటాడో, పదిమందిలో తల దించుకోవాల్సి వచ్చిందని కసురుతాడేమో అని చూస్తున్నాను. అంతలో పరుపు మీంచి పెద్ద మామా గొంతు వినపడింది.

"ఎవరి కూతురనుకున్నారు! చిన్నప్పుడు మా ఆయన తుపాకీ తీస్తే చాలు, వీడు వెళ్లి నీళ్ల లారీ కింద దూరేవాడు. ఖర్జూరాలు చూపించి బయటికి లాగేదాన్ని."

"యుమ్మా!" అన్నాడు బాబా, అమ్మా అని వాళ్ల యాసలో.

"ఏం యుమ్మా? మీ అన్నలున్నారు, అడుగు."

పెదనాన్నలిద్దరూ పొట్టలు పట్టుకున్నారు. "సరిగ్గా చక్రాల వెనక!" అని ఒకడు, "చెప్పు కూడా వదిలేసేవాడు!" అని ఇంకొకడు. బాబా కూడా నవ్వేశాడు. నవ్వుతూనే పాపని ఎత్తుకున్నాడు.

"వారమంతా నాతో ఎందుకు చెప్పలేదురా తల్లీ?"

"నువ్వు సంతోషంగా ఉన్నావు."

పాప వీపు నిమిరాడు. పిస్టల్ పెట్టెలో పెట్టి, తాళం వేసి, కారులో పడేసి వచ్చాడు. పాప పెద్ద మామా చెయ్యి పట్టుకుని ఇసుకలో ఫగా వెతకడానికి వెళ్లింది. అవి వానకి నేల కింద ఊరే పుట్టగొడుగుల్లాంటివి. పుల్లతో పొడుస్తూ, అరుస్తూ ఉంటే, ఆ వారంలో మొదటిసారి దాని నవ్వు విన్నాను.

నాకు కళ్లనీళ్లు ఆగడం లేదు.

"నువ్వెందుకు ఏడుస్తాండావు మ్మే?" అన్నాడు డ్రైవరన్న గుడారం తాడు బిగిస్తూ.

"ఉల్లిపాయలన్నా."

"అవి ఎప్పుడో మాడిపాయె!"

మాడినవి తీసేసి మళ్లీ చేశాను. ఆ హడావిడిలో ఉప్పు రెండుసార్లు వేసినట్టున్నాను. పాప రెండు పళ్లేలు తినేసి, నీళ్ల సీసా ఎత్తి గటగటా తాగి, ఇంకా కావాలంది.