మ్యాచింగ్ సెంటర్ వారి విమానం

పటమటలో దుర్గాశంకర్‌కి ఒక మ్యాచింగ్ సెంటర్ ఉంది. చీర తెచ్చి కౌంటర్ మీద పరిస్తే దానికి సరిపోయే జాకెట్టు ముక్క, లైనింగు, ఫాలు, అన్నీ గుమ్మం బయట ఎండలోకి తీసుకెళ్లి, రంగు కలిసిందని చూపించి మరీ ఇస్తాడు. ఆకుపచ్చలో నలభై రకాలు కళ్లు మూసుకుని చెప్పగలడు. యాభై రెండేళ్ల మనిషి. కాస్త పొట్ట, మెడలో టేపు. ఎవరితోనూ గట్టిగా మాట్లాడి ఎరగడు. అలాంటివాడు నాలుగేళ్లుగా విమానం కడుతున్నాడంటే పటమటలో ఎవరూ నమ్మరు. నమ్మకూడదనే అతను కూడా నానా తంటాలూ పడుతున్నాడు.

ఆ పిచ్చి ఫోన్లోంచి పట్టుకుంది. ఒక మధ్యాహ్నం బేరాల్లేక వీడియోలు చూస్తూ కూర్చుంటే, ఏ దేశమో తెలీదు, ఒక ముసలాయన తన కారు షెడ్డులో విమానం రెక్కకి గుడ్డ తొడుగుతున్నాడు. తొడిగి దాని మీద ఇస్త్రీ పెట్టె నడుపుతున్నాడు. దుర్గాశంకర్ చేతిలో టీ చల్లారిపోయింది. విమానమంటే అంతా రేకే అనుకున్నాడు ఇన్నాళ్లూ. గుడ్డా! సన్నటి చెక్క ఎముకలకి గుడ్డ తొడిగితే రెక్కయిపోతుందా! అయితే ఇది మన లైనేగా, అనిపించింది. నెల తిరక్కుండా, ఒక్క మనిషి కూర్చునే బుల్లి విమానం ప్లాన్లు పోస్టులో తెప్పించేశాడు.

చోటు చల్లపల్లిలో దొరికింది, బాబాయి బసవయ్య గారి మగ్గాల షెడ్డులో. ఒకప్పుడు అందులో ఆరు మగ్గాలు ఆడేవి. ఇప్పుడు ఒక్కటే ఆడుతోంది, అదీ బసవయ్య గారి మొండితనం కొద్దీ. మిగతా జాగాలో విమానం. ఆదివారం పొద్దున్నే బస్సెక్కడం, చీకటి పడేలోగా తిరిగి రావడం.

చిక్కంతా సామాన్ల దగ్గర వచ్చింది. ఎక్కడికెళ్లినా "దేనికండీ?" అని అడుగుతారు. "విమానానికి" అనే మాట దుర్గాశంకర్ గొంతులోంచి పైకి రాదు. ఒకసారి అద్దం ముందు నిలబడి అని చూసుకున్నాడు. అద్దంలో పొట్ట, మెడలో టేపు. తనకే నవ్వొచ్చింది. ఇక సామాన్లమ్మే ఆటోనగర్ వాళ్లు ఊరుకుంటారా?

అందుకని అబద్ధాలు మొదలుపెట్టాడు. ముడి లేకుండా, గీతలు తిన్నగా సాగే కర్ర కావాలి. టింబర్ డిపోలో గంటసేపు కర్రలన్నీ తిరగేశాడు. డిపో ఓనరు అంకమ్మరావు వచ్చి అడిగాడు.

"ఏం చేయిస్తున్నారండీ?"

"పూజా మందిరమండీ."

అంకమ్మరావు చెప్పులు పక్కన విడిచి, తనే ఒక్కో కర్రా ఎంచి పెట్టాడు. అప్పట్నుంచి వెళ్లినప్పుడల్లా మందిరం సంగతే.

"పన్నెండడుగుల కర్రలు పట్టుకెళ్తున్నారు, ఏ దేవుడండీ బాబూ? నిలబడే దేవుడా, పడుకునే దేవుడా?"

ఆఖరికి మందిరంలో కట్టుకోమని ఒక ఇత్తడి గంట తెచ్చి చేతిలో పెట్టాడు. ఆ వారమంతా దుర్గాశంకర్‌కి అన్నం సయించలేదు. పైపుల షాపులో షామియానాల బిజినెస్ పెడుతున్నానన్నాడు. వాళ్లు నమ్మి, మేనకోడలి ఓణీల ఫంక్షనుకి షామియానా ఆర్డరిచ్చేశారు. వేరేవాళ్ల దగ్గర అద్దెకు తెచ్చి, వేయించి, దగ్గరుండి విప్పించి, భోజనం కూడా చేసి వచ్చాడు. విమానం ముందుండే అద్దం కోసం బోర్డులు చేసేవాడి దగ్గరకెళ్లి షాపు బోర్డుకన్నాడు. "వంచి ఇమ్మంటన్నారు, వంకర బోర్డు ఎక్కడ పెడతారు సార్?" అని వాడు అడిగిన ప్రశ్నకి ఇప్పటికీ జవాబు దొరకలేదు.

ఇంట్లో భార్య కనకలక్ష్మికి తెలుసు. ఆమె దాన్ని విమానమనదు, "అది" అంటుంది. ఆదివారాలు మీ ఆయన కనపడడేంటమ్మా అని చుట్టాలడిగితే, "బాబాయి గారికి ఒంట్లో బాగోదండీ" అని తప్పించుకుంటుంది. నాలుగేళ్లుగా ఒంట్లో బాగోని బసవయ్య గారు, చూడ్డానికొచ్చినవాళ్లు తెచ్చిన బత్తాయిలు తింటూ రోజూ మగ్గం గుంటలో దిగి నేస్తూనే ఉన్నాడు.

ఇలా గుట్టుగా సాగుతుండగా తిరుపతిరావు గారు తగిలారు. ఎయిర్‌ఫోర్సులో ముప్ఫై ఏళ్లు విమానాలు రిపేరు చేసి రిటైరైన మనిషి. ఒకరోజు షాపుకొచ్చి, తన భార్య లోపల లైనింగులు ఏరుతుంటే, గుమ్మంలో స్టూలు మీద కూర్చుని, కౌంటర్ మీద తెరిచి ఉన్న కాగితం చూశారు.

"ఇది రెక్క ప్లాను కదండీ?"

దుర్గాశంకర్ నోటికి సమయానికి అబద్ధం అందలేదు. అలా దొరికిపోయాడు.

తిరుపతిరావు గారు నవ్వలేదు. మొదట రెక్క చూస్తానన్నారు. రెక్క బాగుంటే ఇంజను ఎంచడం దగ్గర్నుంచి పర్మిషన్లకి పెట్టాల్సిన కాగితాల దాకా పక్కన కూర్చుంటానన్నారు. బాగోకపోతే ఇక ఆ షెడ్డు వైపే వెళ్లొద్దన్నారు. "ఇది సరదాగా చేసే పనే. కానీ సరదాగా పడిపోయేది కాదండీ," అన్నారు. ఆ మనిషి కాదంటే ఈ చుట్టుపక్కల ఇంకెవరూ లేరు. ఒంటరిగా ముందుకెళ్లేంత తెలివితక్కువవాడు కాదు దుర్గాశంకర్. అంటే నాలుగేళ్ల పని ఆ ఒక్క రెక్క మీద ఆగింది.

రెక్కకి గుడ్డ తొడగడం ఒక్కటే మిగిలింది. ప్లాన్లలో ఫలానా విదేశీ గుడ్డ వాడమని ఉంది. నూలు గుడ్డ వాడేవాళ్లకి వేరే రెండు పేజీలు కూడా ఉన్నాయి. మిగతా పేజీలన్నీ దుర్గాశంకర్ డిక్షనరీ పక్కన పెట్టుకుని, పెన్సిలుతో గీతలు గీస్తూ చదివాడు. గుడ్డ పేజీలు మాత్రం పైపైన తిప్పేశాడు. తాత నేత, తండ్రి నేత, తనది బట్టల కొట్టు. గుడ్డ సంగతి మనకొకరు చెప్పాలా!

బసవయ్య గారు సన్న నూలు తెప్పించి, పడుగుకి గంజి పట్టించి, నీళ్లు పోస్తే దిగనంత దగ్గరగా నేశాడు. మగ్గం మీంచి దించిన గుడ్డని దించినట్టే పట్టుకెళ్లి, మూడు ఆదివారాలు కూర్చుని రెక్కకి బిగించి కుట్టాడు దుర్గాశంకర్. కుట్టు చూసి బసవయ్య గారే మెచ్చుకున్నాడు.

తిరుపతిరావు గారు వస్తానన్న ఆదివారం, వంట కోసం కనకలక్ష్మి కూడా చల్లపల్లి వచ్చింది. ఏప్రిల్ ఎండ. పదింటికి తిరుపతిరావు గారి ఫోను. "పామర్రు దాటామండీ."

గుడ్డ మీద నీళ్లు చల్లితే బిగుసుకుంటుందని పుస్తకంలో ఉన్న సంగతి దుర్గాశంకర్‌కి గుర్తుంది. ఆ ఒక్క ముక్కా వీడియోలో కూడా చూశాడు. పెద్దాయన వచ్చి వేలితో కొడితే డప్పులా మోగాలి. బకెట్టు, స్పాంజి పట్టుకుని రెక్కంతా తడిపాడు. గుడ్డ చూస్తుండగానే బిగిసింది. వేలితో కొట్టాడు. డబ్, డబ్.

"ఒరేయ్ శంకరం, మృదంగం చేశావు కదరా!" అన్నాడు బసవయ్య గారు మగ్గం గుంటలోంచే. షెడ్డంతా గంజి వాసన గుప్పుమంది.

అప్పుడు లోపల ఎక్కడో "టిక్" మంది.

ఇద్దరూ పైకప్పు వైపు చూశారు. మళ్లీ టిక్. ఈసారి ఒకటి కాదు. రెక్క వెనక అంచు, నూనెలో వేసిన అప్పడంలా మెల్లగా వంకర్లు తిరగడం మొదలుపెట్టింది. దుర్గాశంకర్ రెండు చేతులతో ఆ అంచు పట్టుకుని వేలాడాడు. అది అతని చేతుల్లోనే తిరిగింది. లోపల సన్నటి చెక్క ఎముకలు ఒకటొకటిగా విరుగుతుంటే అతను లెక్కపెడుతూ నిలబడ్డాడు. ఏడు.

కాఫీ గ్లాసులతో కనకలక్ష్మి వచ్చింది. రెక్కని చూసింది, మొగుణ్ని చూసింది.

"ఏమండీ, గుడ్డ తడిపారా?"

"ఇప్పుడే కదా తడిపాను! అందుకే కదా ఇలా అయింది!"

"ఇప్పుడు కాదండీ. కుట్టకముందు."

దుర్గాశంకర్ నోరు తెరిచి, అలాగే ఉండిపోయాడు. రోజుకి ఇరవై మంది ఆడవాళ్లకి లైనింగు చించి ఇస్తూ, "ఒక రాత్రి నీళ్లల్లో నానేసి, ఆరేసి, అప్పుడు కుట్టించుకోండమ్మా, లేకపోతే ఉతికాక కుంచించుకుపోయి జాకెట్టు పట్టేస్తుంది" అని చెప్పే నోరు అది. వినని వాళ్లు నెల తర్వాత తిరిగొస్తే, "నేను చెప్పానా లేదా?" అని నవ్వే నోరు. పాతికేళ్లుగా చెబుతున్నాడు. మగ్గం మీంచి దింపిన పచ్చి గుడ్డని, గంజితో సహా, తన రెక్కకి కుట్టుకున్నాడు.

"నేను చెప్పానా..." అనబోయింది కనకలక్ష్మి, అతని మొహం చూసి ఆగింది. తన చీర కొంగుతో రెక్క మీద తడి అద్దడం మొదలుపెట్టింది. దానివల్ల లాభం లేదని ఆమెకీ తెలుసు.

"ఇప్పుడాయనకేం చెప్తావురా?" అన్నాడు బసవయ్య గారు. "కోతి దూకిందని చెప్పు. మా వీధిలో కోతులున్నాయి, నేను సాక్ష్యం చెప్తా."

"ఊరుకోండి మావయ్య గారూ, కోతి దూకితే చిరుగుతుంది గానీ మెలి తిరుగుతుందా?" అంది కనకలక్ష్మి.

దుర్గాశంకర్ బసవయ్య గారి స్కూటర్ మీద ఆయన్ని తీసుకురావడానికి బస్టాండుకి వెళ్తూ దారంతా అబద్ధం తయారుచేసుకున్నాడు. రాత్రి వాన, పైకప్పు కారింది. నిన్నటిదాకా రెక్క బ్రహ్మాండంగా ఉంది. చాలా సహజంగా ఉందనిపించింది. కాకపోతే స్కూటర్ వెనక దుమ్ము లేస్తోంది. నెలరోజులుగా చల్లపల్లిలో చినుకు లేదు.

తిరుపతిరావు గారు షెడ్డులో అడుగుపెట్టి, రెక్క చుట్టూ ఒక చుట్టు తిరిగారు. వంగి కిందనించి చూశారు. ముక్కు ఎగబీల్చారు. చొక్కా జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకుని, అప్పుడు అడిగారు.

"ఏమైందండీ?"

"రాత్రండీ..." అని మొదలుపెట్టాడు దుర్గాశంకర్. మందిరం చెప్పిన నోరు, షామియానా చెప్పిన నోరు. కానీ ఎదురుగా ఉన్న మనిషి, విమానమని తెలిసీ నవ్వకుండా బస్సెక్కి వచ్చిన మనిషి. కనకలక్ష్మి తడి కొంగు పిండుకుంటూ నేల చూపులు చూస్తోంది.

"రాత్రేం కాలేదండీ. కుట్టేముందు గుడ్డ తడపలేదు. గంజి కూడా తీయలేదు. గుడ్డ పేజీలు చదవలేదండీ, నాకు తెలుసు కదా అని."

"బట్టల కొట్టు మీదే కదా?"

"నాదేనండీ."

తిరుపతిరావు గారి గడ్డం కొద్దిగా కదిలింది. దగ్గో నవ్వో తెలీలేదు. "ఒక నోటు పుస్తకం ఉందా?" అన్నారు.

బసవయ్య గారి మనవరాలి రఫ్ పుస్తకం ఒకటి దొరికింది. ఆయన స్కేలు లేకుండానే తిన్నగా గీతలు కొట్టి, తేదీ, ఏం జరిగింది, ఎందుకు, ఎవరి వల్ల, ఎవరు కనిపెట్టారు అని గళ్లు చేసి, దుర్గాశంకర్ ముందు పెట్టారు.

"రాయండి."

దుర్గాశంకర్ రాశాడు. 'తేమ వల్ల గుడ్డ కుంచించుకుపోయినది.'

"తేమ ఎవరండీ?" అన్నారు తిరుపతిరావు గారు.

కొట్టేసి మళ్లీ రాశాడు. 'గుడ్డ ముందుగా తడపబడలేదు.'

"ఎవరు తడపాలి? ఎదురింటివాళ్లా?"

"రాయరా, నీ పేరు రాయడానికి అంత సిగ్గేంటి?" అన్నాడు బసవయ్య గారు. ఆయన మొహం మాత్రం విచ్చుకుని ఉంది, గంజి పట్టించింది తనేనన్న సంగతి ఎవరూ ఎత్తనందుకు.

మూడోసారి రాశాడు. 'కుట్టేముందు గుడ్డ తడపడం నేను మర్చిపోయాను. గంజి తీయలేదు. ఏడు ఎముకలు విరిగాయి.' కింద సంతకం పెట్టాడు. చెవులు ఎర్రబడ్డాయి. చెక్కు మీద కూడా అంత నెమ్మదిగా ఎప్పుడూ సంతకం పెట్టలేదు.

"ఎవరి వల్ల అన్నదానికి మేం ఎయిర్‌ఫోర్సులో ముప్ఫై ఏళ్లు ఇలాగే రాశాం," అన్నారు తిరుపతిరావు గారు. "నేనూ రాశాను, రెండుసార్లు. అవి మాత్రం చెప్పను. మరి ఎవరు కనిపెట్టారు?"

"మా ఆవిడండీ."

"అయితే ఈ గడిలో ఆవిడ సంతకం."

కనకలక్ష్మి రెండడుగులు వెనక్కి వేసింది. "నాకేం తెలుసండీ వీటి గురించి? నేను పప్పు పొయ్యి మీద పెట్టి వచ్చాను."

"ఆయనకి తెలుసు కదమ్మా," అన్నారు ఆయన, విరిగిన ఎముకని వేళ్లతో సర్దుతూ. "తెలుసు కాబట్టే ఆయనకి కనపడలేదు. ఏడు ఎముకలే, చేసుకోవచ్చు. కర్ర మంచిదే ఎంచారు, అతుకులు బాగున్నాయి. వచ్చే ఆదివారం ఇదే బస్సుకి వస్తాను. అప్పటికి గుడ్డ విప్పి, ఉడకబెట్టి, ఆరేసి ఉంచండి."

దుర్గాశంకర్‌కి షెడ్డు వైపు వెళ్లొద్దన్న మాట వినపడలేదు. వచ్చే ఆదివారం, అన్నారు.

కనకలక్ష్మి పెన్ను పుచ్చుకుంది గానీ పుస్తకం మీద పెట్టలేదు. "ఈ సంతకం పెడితే నేను కూడా దీంట్లో ఎక్కాలాండీ?"

"ఎక్కక్కర్లేదమ్మా. మీరు సరేనని సంతకం పెట్టినదాంట్లోనే ఆయన ఎక్కాలి."

ఆ మాటకి ఆమె పెన్ను మూత పెట్టేసింది. కొంగు నడుముకి దోపుకుని, నాలుగేళ్లలో మొదటిసారిగా, తోక దగ్గర్నుంచి మొదలుపెట్టి ఆ విమానం చుట్టూ నడిచింది. ఒకచోట తట్టింది, ఒకచోట లాగి చూసింది. ముందు చక్రం దగ్గర ఆగి తల పక్కకి వంచింది.

"ఏమండీ, ఈ చక్రం వంకరగా లేదూ?"

"అది అలాగే ఉంటుంది కనకం, ప్లాన్లోనే..." అన్నాడు దుర్గాశంకర్.

తిరుపతిరావు గారు మోకాళ్ల మీద కూర్చుని, చక్రం ఒక చుట్టు తిప్పి చూశారు. రఫ్ పుస్తకం దుర్గాశంకర్ వైపు జరిపారు. దుర్గాశంకర్ రెండో వరసలో తేదీ వేశాడు.