అయూబ్ ఖాళీ చేసిన ఇల్లు

పాడుబడ్డ ఇంటిని ఫోటో తీయాలంటే ముందు దాన్ని శుభ్రం చేయాలట. ఈ ముక్క మా అయూబ్ చెప్పినప్పుడు నవ్వాను. పూర్ణా మార్కెట్ వెనక సందులో ముప్ఫయ్యేళ్లుగా దేవుళ్ల పటాలకీ పోయినవాళ్ల ఫోటోలకీ ఫ్రేములు కడుతున్నవాణ్ణి, నాకు తెలియని శుభ్రమా అనుకున్నాను.

"నవ్వకు బావా," అన్నాడు. "పాడుబడ్డ ఇంట్లో ప్లాస్టిక్ బకెట్ కనబడితే అది పాడుబడ్డ ఇల్లెలాగవుద్ది? లేనోళ్ల ఇల్లవుద్ది. లేనోళ్ల ఇల్లెవులు సూత్తారు?"

అయూబ్ స్టూడియో నా కొట్టు పక్కనే ఉండేది. పాస్‌పోర్టు ఫోటోలు, పెళ్లి ఆల్బములు, పసిపిల్లల్ని బోర్లా పడుకోబెట్టి తీసే ఫోటోలు. అతను పెళ్లి ఫోటో తీస్తే నేను ఫ్రేము కట్టేవాణ్ణి. ఆ జంటలో ఒకరు పోతే, అదే ఫోటోలోంచి ముఖం పెద్దది చేయించుకుని మళ్లీ నా దగ్గరికే వచ్చేవారు. ఆ వ్యాపారాన్ని సెల్‌ఫోన్లు తినేశాయి. మిగిలింది కరోనా తినేసింది. కొట్టు మూసేసి, కెమెరా మెడలో వేసుకుని పాతనగరం సందుల్లో తిరగడం మొదలుపెట్టాడు. కూలిన గోదాములు, కప్పు లేని మేడలు, తుప్పు పట్టిన ఊచలు. హార్బరు వైపు నుంచి వచ్చే బొగ్గు ధూళికి మా గోడలు నల్లబడితే మేం తిట్టుకుంటాం. అతను ఆ నల్లగోడల్ని పెళ్లికూతుర్ని చూసినట్టు చూసేవాడు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని ఊరికే అన్నారా.

ఆ ఫోటోలు ఫోన్లో పెట్టాడు. లైకులు వచ్చాయి. లైకులు అన్నం పెట్టవు గానీ, వాటి వెంట జంటలు వచ్చాయి. పెళ్లికి ముందు ఫోటోలు దిగడం ఇప్పుడొక తంతు కదా. కూర్మన్నపాలెం వైపు నుంచి, సొంతానికి చక్కటి ఇళ్లున్న స్టీలు ప్లాంటు కుటుంబాల పిల్లలు, బీచి వదిలేసి మా కూలిపోయే గోడల ముందు గౌన్లు వేసుకుని నిలబడేవారు. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. నాకు ఒళ్లు మండేది. కానీ అయూబ్ ఇంటికి సరుకులు వస్తున్నాయి కదా, అందుకని నోరు మూసుకున్నాను.

జంటలకి అన్నిటికంటే నచ్చింది గురునాథరావు మేడ. అరిగిపోయిన చెక్క మెట్లు, రంగుటద్దాల కిటికీ, కప్పు విరిగిన చోట నుంచి హాల్లోకి దిగే ఎండ. ఆ మేడ కింది గదిలోనే సర్దార్ బీ కాపురం. అయూబ్‌కి ఆమె పిన్ని, ఖాలా అని పిలిచేవాడు. తల్లి పోతే ఆమే పెంచింది. ఆమె భర్త ఆ గదిలోనే పరుపులు కుట్టేవాడు. గురునాథరావు బతికున్నన్నాళ్లూ వీళ్లు అద్దె చేతికిచ్చేవారు, ఆయన చేత్తో పుచ్చుకునేవాడు. రసీదు మాట ఇద్దరికీ తోచలేదు. ఆయన పోయాక కొడుకు తిరుమలరావు ద్వారకా నగర్ నుంచి ఇటు తొంగి చూడలేదు. తర్వాత భర్తా పోయాడు. సర్దార్ బీ, ఒక కోడి మిగిలారు.

షూటింగు రోజున అయూబ్ పొద్దున్నే వెళ్లేవాడు. దండెం మీది బట్టలు తీసి మడతపెట్టేవాడు. పొయ్యి, బిందెలు, నీలం డ్రమ్ము, మంచం అన్నీ వెనక దొడ్లోకి మోసేవాడు. మెట్ల మీద ఎండుటాకులు తనే చల్లేవాడు. ఆఖరికి ఖాలాని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి దొడ్లో స్టూలు మీద కూర్చోబెట్టేవాడు. ఆ రోజున ఆమె ఉతికిన చీర కట్టుకుని, తల దువ్వుకుని సిద్ధంగా ఉండేది.

"నన్నూ ఓపాలి తియ్యిరా అయూబూ," అనేది.

"రేపు తీత్తాను ఖాలా. ఈయేళ ఎండ ఎల్లిపోతన్నాది."

పని అయ్యాక అన్నీ ఎక్కడివక్కడ సర్ది, బట్టలు మళ్లీ దండెం మీద ఆరేసి మరీ వచ్చేవాడు. అంత బుద్ధిమంతుడు.

పోయిన ఏడాది తిరుమలరావు కోర్టుకెళ్లాడు. మేడ ఏళ్ల తరబడి ఖాళీగా ఉంది, ఎవరో ముసలామె ఈమధ్యే చొరబడింది, ఆమెను పంపించి కూలగొట్టుకోనివ్వండి అని. మాకు పెద్దగా భయం వెయ్యలేదు. ఆమె అక్కడ ఉందని వీధి వీధంతా చెబుతుంది కదా అనుకున్నాం. ముందు నేనే చెప్పాను. "మీరు అయూబ్ స్నేహితులు కదూ?" అని ఒక్క ప్రశ్న వేసి, తిరుమలరావు లాయరు నన్ను దింపేశాడు. తర్వాత అయూబ్‌ని బోనెక్కించి, అతని ఫోటోలే ఒక్కొక్కటీ చేతికిచ్చాడు. ఒక్కో ఫోటో మీదా తేదీ, అయూబ్ పేరు ఉన్నాయి.

"ఇవి మీరు తీసినవేనా?"

"నానే తీసేనండి."

"వీటిలో ఆవిడ ఉందా?"

"పక్కన కూకోబెట్టేనండి."

"మంచం? పొయ్యి?"

"తీసీసేనండి."

"ఎందుకు?"

అయూబ్ చేతిలోని ఫోటోల అంచులు కలిపి పేర్చాడు. "బాగుంతాదనండి," అన్నాడు చివరికి.

లాయరు ఊరుకున్నాడా? ఫోటో కింద అయూబ్ రాసుకున్న మాట కూడా చదివాడు. 'ఏళ్లుగా మనిషి అడుగు పడని మేడ.' అది లైకుల కోసం రాసిన మాటని జడ్జిగారికి ఎవరు చెప్పగలరు, ఎలా చెప్పగలరు?

మా లాయరు ఒక ఫోటోలో మెట్ల పక్కన, మూలకి, కోడిని పట్టుకున్నాడు. అయూబ్ ఎన్నిసార్లు అదిలించినా వచ్చేసే కోడి అది. కోడి ఉందంటే గింజలేసే మనిషి ఉన్నట్టే కదా అని వాదించాడు. "కోడికి ఇంటి నంబరుండదండీ," అన్నాడు అవతలి లాయరు. కోర్టులో అందరూ నవ్వారు. ఆ నవ్వుకి నాకు ఏడుపొచ్చింది.

కేసు ఓడిపోయాం. వానలు పడకముందే మేడ కూల్చేశారు. అయూబ్ వెళ్లి నిలబడ్డాడు, కెమెరా మాత్రం తీసుకెళ్లలేదు. ఆ లొకేషన్ దొరుకుతుందా అని ఇంకా జంటలు మెసేజీలు పెడుతున్నాయి. అతను చూసి ఊరుకుంటాడు.

ఇప్పుడు కూర్మన్నపాలెంలో ఒక గది అద్దెకు తీసుకుని ఖాలాతో ఉంటున్నాడు. ద్వారకా నగర్లో ఒక కోచింగ్ సెంటర్‌కి వెళ్లి పిల్లల ఐడీ కార్డులకి ఫోటోలు తీస్తాడు. వెనక తెల్లగుడ్డ, ముందు ముఖం, తర్వాతి పిల్ల. ఖాలాని ఫోటో తీస్తానని ఒకసారి కెమెరా పట్టుకున్నాడట. "ఈ గోడ ముందర ఒద్దురా. ఇది మనిల్లు కాదు కదా," అందట ఆమె. అతను మళ్లీ అడగలేదు.

మొన్న నేను చూడ్డానికి వెళ్తే ఆమె నన్ను దగ్గరికి పిలిచింది. "మన మేడ ఫోటో ఒకటి తెచ్చిపెట్టు అప్పలసూరీ. ఈడు తేడు."

పెళ్లి ఆగిపోయిన జంట ఒకటి చేయించుకుని తీసుకెళ్లని ఫ్రేము నా కొట్లో ఉండిపోయింది. గోడకి అందంగా ఉంటుందని అడిగి చేయించుకున్న ఫోటో, జంట లేకుండా ఒట్టి మేడ మాత్రమే ఉన్నది, కోర్టులో చూపించినదే. మరునాడు దుమ్ము తుడిచి తీసుకెళ్లాను. ఆమె కళ్లద్దాలు పెట్టుకుని, దాన్ని ఒళ్లో పెట్టుకుని, మెట్లు తడిమింది, కిటికీ తడిమింది.

"మా గది తలుపు ఇదే కదేటి?"

"అదేనమ్మా."

"మరి దండెం ఏదిరా? నా మంచమేదీ?"

అయూబ్ గుమ్మంలో నిలబడి చెప్పులు విప్పుతున్నవాడు విప్పడం ఆపేశాడు. ఆమె వేలు జరుగుతూ జరుగుతూ మూలకి వెళ్లి ఆగింది.

"కోడి ఉన్నాదిరా అయూబూ," అంది. మేడ పోయాక ఆమె ముఖంలో వెలుగు చూడ్డం అదే మొదలు. మళ్లీ పైనుంచి కిందికి, ఆ చివర నుంచి ఈ చివరకి వెతికింది. "నానే లేను."

ఆమె ఫ్రేముని తిరగేసి వెనక కూడా చూసింది. వెనక నేను కొట్టిన మేకులున్నాయి.